కుట్లు విప్పిన సాయంత్రం

రాజమండ్రిలో మత్తు డాక్టరుగా నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రిటైరయ్యాక పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు మొత్తం చదవగలుగుతున్నాను, పెళ్ళి ప్రకటనలతో సహా. ఆ తీరిక చూసి ఓర్వలేక కాబోలు, మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు "మేడమ్, మీ అనుభవాలు రాయండి, కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తాయి" అని పట్టుకున్నారు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ సభలో శాలువా కప్పారో రాస్తే ఎవరికీ పనికిరాదు. ఆ శాలువాలు మా ఇంట్లోనే ఎవరికీ పనికిరావడం లేదు.

అందుకని ఒక మనిషి గురించి రాస్తాను. అతని పేరు సత్తిబాబు, మండపేటలో బియ్యం మిల్లు కూలీ. అతని గురించి రాస్తే మా సర్జన్ శేషగిరిరావు గారి గురించి కూడా రాసినట్టే. ఈ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

పొట్టలో చోటెంత

తొంభైల్లో మా ఆస్పత్రికి వచ్చే పెద్ద దెబ్బలన్నీ దాదాపు ఒక్కలాగే ఉండేవి. కాలవ గట్టు మీద ట్రాక్టరు తిరగబడి స్టీరింగు కింద నలిగినవాళ్ళు, కొబ్బరిచెట్టు మీంచి జారినవాళ్ళు, లారీకీ గోడకీ మధ్య ఇరుక్కున్నవాళ్ళు. పైకి చిన్న గీత కూడా ఉండదు. లోపల మాత్రం కాలేయమో ప్లీహమో పగిలి పొట్ట నిండా రక్తం ఉంటుంది.

అలాంటివాళ్ళకి మేం రక్తం ఎక్కిస్తాం, సెలైన్ ఎక్కిస్తాం. ఎక్కించకపోతే పోతారు. కానీ ఎక్కించిన సెలైన్ అంతా రక్తనాళాల్లోనే బుద్ధిగా కూర్చోదు. బయటికి ఊరి పేగుల్లో చేరుతుంది. పేగులు ఉబ్బుతాయి. పొట్ట గోడ కొంతవరకే సాగుతుంది. పెళ్ళికి వెళ్తూ చిన్న పెట్టెలో పట్టుచీరలన్నీ కుక్కి, మూత మీద కూర్చుని తాళం వేస్తాం చూడండి, అలా అవుతుంది. చీరలైతే నలుగుతాయి, అంతే. మనిషి పొట్టలో ఒత్తిడి అలా పెరిగితే మూత్రపిండాలు పని మానేస్తాయి, కింద నుంచి గుండెకి రక్తం తిరిగి రాదు, ఊపిరితిత్తులకి విచ్చుకునే చోటుండదు. దీన్నే అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఇప్పటి పిల్లలకి పుస్తకంలో పెద్ద పాఠమే ఉంది. మా చదువు రోజుల్లో ఆ మాట నేను వినలేదు.

చిక్కేమిటంటే, అది చూడ్డానికి అచ్చం రక్తం చాలనట్టే కనిపిస్తుంది. బీపీ పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. చూసినవాళ్ళం ఏం చేస్తాం? ఇంకో సెలైన్ పెడతాం. పేగులు ఇంకా ఉబ్బుతాయి. రోగి పోతే "పాపం, దెబ్బ పెద్దది" అనుకునేవాళ్ళం. ఆ రోజుల్లో అంతటా అదే పద్ధతి.

శేషగిరిరావు గారి కుట్టు

శేషగిరిరావు గారు కోపిష్టి. అడిగిన పరికరం చేతికి రావడం ఆలస్యమైతే ఆయన గొంతు మెట్ల దగ్గర కూర్చున్న బంధువులకి వినబడేది. నా మీద సంతోషంగా ఉంటే "అమ్మా" అని పిలిచేవారు, కోపంగా ఉంటే "డాక్టరమ్మగారూ" అనేవారు. మొదటి రెండేళ్ళలో నేను "అమ్మా" అనే పిలుపు పెద్దగా విన్న గుర్తు లేదు. పొట్ట బిగువుగా ఉంటే తప్పు మత్తు డాక్టరుదేనని సర్జన్లందరికీ పుట్టుకతో వచ్చే నమ్మకం ఒకటుంటుంది. ఆయనకి ఆ నమ్మకం మరీ గట్టిది.

కానీ ఆయన పనితనం గొప్పది. ముఖ్యంగా ఆయన కుట్టు. మా వైపు ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది "ఎన్ని కుట్లండి?" అనే. జబ్బు పేరు తర్వాత. ఇది తెలిసిన మనిషి కాబట్టి శేషగిరిరావు గారు ఒక అలవాటు పెట్టుకున్నారు. ఆపరేషన్ కాగానే రోగి తరఫు పెద్దమనిషిని లోపలికి పిలిపించి, దుప్పటి కొంచెం తీసి, కుట్టు చూపించేవారు. జాకెట్టు అంచుకి హెమ్మింగ్ చేసినట్టు సమానంగా ఉండేది. "అయిపోయిందయ్యా. ఇంక భయం లేదు" అనేవారు. ఆ పెద్దమనిషి బయటికి వెళ్ళి అందరికీ చెప్పేవాడు. ఏడుపులు ఆగేవి. ఆ తర్వాతే ఆయన గ్లవ్స్ విప్పి టీ తాగేవారు.

నేను మొదట్లో ఇదంతా ప్రదర్శన అనుకుని నవ్వుకునేదాన్ని. తర్వాత తెలిసింది, చదువురాని మనిషికి అంతకన్నా స్పష్టమైన రిపోర్టు మనం ఇవ్వలేమని. ఇప్పుడు మీరిచ్చే కాగితాలు వాళ్ళలో ఎందరికి అర్థమవుతున్నాయో ఒకసారి అడిగి చూడండి.

సత్తిబాబు

ఒకరోజు పొద్దున మిల్లులో పేర్చిన బియ్యం బస్తాలు కూలి సత్తిబాబు మీద పడ్డాయి. బస్తాలు మోసే ముఠా కూలీలంతా కలిసి అతన్ని బియ్యం లారీలోనే మా ఆస్పత్రికి తెచ్చారు. వెంట అతని భార్య నూకరత్నం, మేనమామ వీర్రాజు వచ్చారు. వీర్రాజు ఆ ముఠాకి మేస్త్రి. తెల్ల పంచె, బొంగురు గొంతు, నలుగురూ మాట వినే మనిషి.

సత్తిబాబు పొట్ట తెరిస్తే కాలేయం బీటలు వారి ఉంది. సూది వేస్తే అక్కడే చిరిగిపోతోంది. శేషగిరిరావు గారు కుట్టే ప్రయత్నం మానేసి, కాలేయం చుట్టూ మెత్తటి గుడ్డలు కూరి గట్టిగా అదిమారు. రక్తం ఆగింది. ఆ గుడ్డలు ఒకటి రెండు రోజులాగి మళ్ళీ తెరిచి తీసేయాలి. అంతవరకూ ఆయన చేసింది బంగారం లాంటి పని. ఇప్పుడు తలుచుకున్నా నాకు గర్వంగా ఉంటుంది.

మూయడం దగ్గర వచ్చింది తిప్పలు. అప్పటికే నేను చాలా రక్తం, చాలా సెలైన్ ఎక్కించాను. పేగులు ఉబ్బి, లోపల పెడుతుంటే బయటికి తన్నుకొస్తున్నాయి.

"డాక్టరమ్మగారూ, కాస్త వదులు చెయ్యండి. రాయిలా ఉంది పొట్ట."

"కండరాలు వదులయ్యే మందు పూర్తిగా ఇచ్చేశానండి. ఇంక నా దగ్గర ఏం లేదు. అది కండరం బిగువు కాదు."

ఆయన వినిపించుకోలేదు. అసిస్టెంటు అరచేతుల్తో పేగుల్ని అదిమి పట్టుకుంటే, లావు దారంతో ఒక్కొక్క కుట్టూ లాగి ముడి వేశారు. చివరి ముడి పడేసరికి అందరికీ చెమటలు పట్టాయి. కుట్టు మాత్రం ఎప్పటిలాగే చక్కగా ఉంది. వీర్రాజుని పిలిచి చూపించారు. వీర్రాజు చేతులు జోడించి, "ఆయ్, మీ దయండి" అని బయటికి వెళ్ళి ముఠావాళ్ళందరికీ చెప్పాడు. నూకరత్నం మెట్ల మీదే కూర్చుండిపోయింది. పొద్దుటి నుంచి ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

చేతిలో బ్యాగు

సాయంత్రానికి సత్తిబాబు మూత్రం సంచిలో చుక్క పడటం ఆగిపోయింది. బీపీ జారుతోంది. మాకున్న ఒకే ఒక వెంటిలేటర్ అలారం మోగిస్తోంది. ఆ మిషను ఊరికే మోగుతుందని దానికి చెడ్డపేరు, అందుకని సిస్టర్లు దాని మాట పట్టించుకునేవారు కాదు. నేను మిషను తీసేసి రబ్బరు బ్యాగు పెట్టి చేత్తో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాను.

కొత్తగా వచ్చే పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. బ్యాగు నొక్కితే రోగి ఛాతీ మన చేతికి తెలుస్తుంది. మామూలుగా అది మెత్తగా లోపలికి పోతుంది. ఆ సాయంత్రం నా రెండు చేతులూ కలిపి నొక్కినా గాలి వెళ్ళడం లేదు. గొంతులోని గొట్టం మూసుకుపోయిందేమోనని చూశాను, లేదు. ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, కానీ కింద నుంచి ఎవరో నెట్టేసినట్టు పైకి జరిగి చిన్నవైపోయాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే బల్ల మీద వేసినట్టుంది.

అంతకు కొన్నాళ్ళ ముందు ఒక సదస్సులో, భోజనాల తర్వాత సగం హాలు కునుకు తీస్తున్న వేళ, ఒక వక్త ఈ జబ్బు గురించే చెప్పాడు. నేను కునుకు తీయని సగంలో ఉండటం సత్తిబాబు అదృష్టం. మూత్రాశయంలో ఒత్తిడి చూస్తే పొట్టలో ఒత్తిడి తెలుస్తుందని ఆయన చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మూత్రపు గొట్టంలోంచి కాస్త సెలైన్ పంపి, దానికి ఒక సన్నటి గొట్టం తగిలించి నిలువుగా ఎత్తి పట్టుకోమన్నాను. సిస్టర్ పక్కనే అడుగు స్కేలు పట్టుకుంది. మామూలుగా సగం స్కేలు కూడా రాని నీళ్ళు గొట్టంలో పైకి పాకి స్కేలు దాటి పోయాయి.

శేషగిరిరావు గారికి కబురు పెట్టాను. వస్తూనే, "మళ్ళీ రక్తం కారుతోందేమో. ఇంకో రెండు బాటిళ్ళు ఎక్కించండి" అన్నారు.

"రక్తం పరీక్ష చేయించానండి. తగ్గలేదు. పొట్ట లోపల బిగిసిపోయింది. కుట్లు విప్పాలి."

"నా కుట్లా?"

"మీ కుట్లేనండి."

గదిలో సిస్టర్లు తలలు వంచుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. "డాక్టరమ్మగారూ, లోపల గుడ్డలు అదిమి పెట్టి ఉన్నాయి. ఇప్పుడు విప్పితే ఆ అదుము పోతుంది. కాలేయం మళ్ళీ కారితే బల్ల మీదే పోతాడు. అప్పుడు బయట ఉన్నవాళ్ళకి మీరు చెప్తారా?"

ఆయన మాటలో న్యాయముంది. అదంతా ఉత్త కోపం కాదు. విప్పితే పోవచ్చు. విప్పకపోతే ఖాయంగా పోతాడని నాకు నా చేతుల్లో తెలుస్తోంది, కానీ చేతుల్లో తెలిసేది వాదనలో చెప్పడం ఎలా? నేను పక్కకి జరిగి బ్యాగు ఆయన ముందుకి చాపాను.

"ఒక్కసారి మీరు నొక్కి చూడండి."

సర్జన్లు ఆ బ్యాగు ముట్టుకోరు. అది మా పని. ఆయన నన్నూ బ్యాగునీ మార్చి మార్చి చూసి, చేతిలోకి తీసుకుని నొక్కారు. మళ్ళీ నొక్కారు. తర్వాత రెండు చేతులూ పెట్టి నొక్కారు. బ్యాగు నాకు తిరిగి ఇచ్చేసి, "థియేటర్ రెడీ చెయ్యమనమ్మా" అన్నారు.

కుట్లు తెగుతుంటే పేగులు ఒక్కసారిగా పైకి పొంగాయి. అదే క్షణంలో నా చేతిలో బ్యాగు మెత్తబడింది. బీపీ ముందు గభాలున కిందికి పోయి, నేను సిద్ధంగా పెట్టుకున్న మందులకి మెల్లగా పైకి లేచింది. గుడ్డలు కదల్లేదు, కాలేయం కారలేదు. కాసేపటికి బల్ల కింద సంచి చూసి సిస్టర్ "మేడమ్, యూరిన్ వస్తోంది" అంది. నా జీవితంలో ఏ సంగీతమూ నాకు అంత బాగా వినబడలేదు. నవ్వితే నవ్వండి.

ఇక పొట్ట మూసే ప్రశ్నే లేదు. శుద్ధి చేసిన పెద్ద సెలైన్ సంచి ఒకటి కత్తిరించి, పేగుల మీద పరిచి అంచుల్ని చర్మానికి కుట్టారు శేషగిరిరావు గారు. పారదర్శకమైన ప్లాస్టిక్కు కింద పేగులన్నీ కనిపిస్తున్నాయి. ఆయన జీవితంలో వేసిన కుట్లలో అంత వికారమైనది అదే అయి ఉంటుంది.

వీర్రాజు అడిగిన ప్రశ్న

వీర్రాజు వచ్చి చూశాడు. చాలాసేపు చూసి బొంగురు గొంతుతో అడిగాడు.

"ఇందాక కుట్టేసి చూపించారు గదండి. భయం లేదన్నారు గదండి. మళ్ళీ కోసి ఇలా వదిలేశారేంటండి? బతికుండగానే పోస్టుమార్టం చేసేశారేంటండి?"

అతన్ని తప్పు పట్టడానికి లేదు. దెబ్బ తగిలిన మనిషి ఆస్పత్రిలో పోతే పోలీసు కేసు, పోస్టుమార్టం తప్పవు. కోసిన శరీరాన్ని ఇంటికి తీసుకెళ్ళడమంటే మా వైపు మనుషులకి ప్రాణసంకటం. అందుకే ఇంక లాభం లేదనిపిస్తే కొన ఊపిరి ఉండగానే ఇంటికి తీసుకెళ్ళిపోతారు. అలా వెళ్ళినవాళ్ళలో ఒకరిద్దరు బతకాల్సినవాళ్ళని నాకిప్పటికీ అనుమానం.

"పట్టుకెళ్ళిపోతామండి," అన్నాడు వీర్రాజు. "మా గుమ్మంలో పోతాడు. లారీ ఉందండి."

"మిషను తీస్తే దారిలో ద్వారపూడి కూడా దాటడు వీర్రాజు గారూ," అన్నాను.

"ఇక్కడుంటే బతుకుతాడని రాసిస్తారాండి?"

నేను ఇవ్వలేను. అప్పుడు శేషగిరిరావు గారు ముందుకొచ్చారు. ఆయన కేకలేస్తారనే అనుకున్నాను. కేకలెయ్యలేదు.

"వీర్రాజూ, ఇందాక అయిపోయిందన్నాను. అవ్వలేదు. పొట్ట బిగించి కుట్టాను. అతనికి ఊపిరాడలేదు. విప్పాను. వాపు తగ్గేదాకా తెరిచే ఉంచాలి. ఇలా ఉంచడం నాకూ ఇదే మొదలు."

అందరి ముందూ, ఒక ముఠా మేస్త్రికి, ఆ మనిషి ఆ మాట చెప్పారు. తర్వాత నూకరత్నం వైపు తిరిగి, "అమ్మా, నువ్వు రా. నువ్వు చూసి చెప్పు" అన్నారు. కట్టుకున్న ఆడదాన్ని లోపలికి పిలవడం ఆయన అలవాటు కాదు, ఎప్పుడూ పెద్దమనిషినే పిలిచేవారు. సిస్టర్ ఆవిడకి గౌను తొడిగి మూతికి మాస్కు కట్టింది. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని నేను భుజం పట్టుకున్నాను.

ఆయన దుప్పటి తీశారు. ఆవిడ చూసింది. ప్లాస్టిక్కు కింద పేగులు తడిగా, ఎర్రగా ఉన్నాయి. చూస్తుండగా వాటిలో ఒకటి మెల్లగా ముడుచుకుని జరిగింది.

"కదిలిందండి," అంది నూకరత్నం.

"కదుల్తాయమ్మా. నీ మొగుడు బతికున్నాడు గనక కదుల్తున్నాయి."

ఆవిడ ఇంకోటి కదిలేదాకా అలాగే నిలబడింది. బయటికొచ్చి వీర్రాజుతో, "మావయ్యా, లోపల పని ఆగలేదు. జరుగుతానే ఉంది. నేను పట్టుకెళ్ళను" అంది. వీర్రాజు ఏదో అనబోయాడు. "నువ్వు లారీ పంపించెయ్ మావయ్యా" అంది ఆవిడ. అంతే. వీర్రాజు కిందికి వెళ్ళి లారీ పంపించలేదు గానీ, అందులో ఉన్న ముఠావాళ్ళందరినీ దింపి రక్తం ఇవ్వడానికి వరసలో నిలబెట్టాడు. ఒక మేస్త్రి తల్చుకుంటే రక్తం ఎంత త్వరగా సమకూరుతుందో ఆ రోజు చూశాను.

కొత్తగా వచ్చేవాళ్ళకి

ఇలాంటివన్నీ ఇలాగే ముగిశాయని చెప్పను. కొన్నేళ్ళకి పెనుగొండ అవతల నుంచి ఒక రైతు వచ్చాడు, ట్రాక్టరు కింద పడ్డ మనిషి. ఎక్కడెక్కడో ఆగి, ఆగిన చోటల్లా సెలైన్ ఎక్కించుకుంటూ వచ్చాడు. మేం పొట్ట తెరిచేసరికి పేగులు నల్లబడిపోయాయి. అతను దక్కలేదు. తెరవడం తెలిస్తే చాలదు, త్వరగా తెరవాలి.

ఇప్పుడు మీకు మంచి మిషన్లున్నాయి, ఒత్తిడి అంకెల్లో కనిపిస్తుంది. సంతోషం. అయినా అంకె చూసి ఆగిపోకండి, పొట్ట మీద చెయ్యి వెయ్యండి. మూత్రం ఆగితే సెలైన్ పెంచే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. సర్జన్‌కి చెప్పాల్సింది థియేటర్లో ఆయనకీ మనకీ మధ్య కట్టే తెర ఇవతల గొణక్కండి, తెర అవతలికి వినబడేలా చెప్పండి. సర్జన్లకి నేను చెప్పేది ఒకటే. బిగించి ముడి వేయడం నేర్చుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. ముడి వెయ్యకుండా బయటికి రావడానికి అంతకన్నా ఎక్కువ ధైర్యం కావాలి.

ఆ తర్వాత శేషగిరిరావు గారు రిటైరయ్యేదాకా, పొట్ట మూసే ముందు తెర మీంచి తల ఎత్తి "ఎలా ఉందమ్మా నీ చేతికి?" అని అడిగేవారు. నేను బాగుందంటేనే ముడి వేసేవారు. నా కన్నా అంత పెద్ద మనిషి, అంత కోపిష్టి, నన్ను అడిగి ముడి వేసేవారు. ఆయన ఇప్పుడు లేరు. నాకు ఈ వృత్తిలో దక్కిన గౌరవాల్లో మొదటిది ఆయన అడిగిన ఆ ప్రశ్న.

ఇంటికి వెళ్ళిన రోజు

సత్తిబాబు పొట్టలో గుడ్డలు తీసేశాక, వాపు తగ్గుతున్న కొద్దీ ప్లాస్టిక్కు అంచులు దగ్గరికి లాగుతూ వచ్చారు. చివరికి చర్మం మాత్రమే కలిసింది. లోపలి పొర కలవలేదు, అక్కడ పొట్ట ఉబికే ఉండేది. ఏడాది తర్వాత దానికి మరో ఆపరేషన్ అయింది. మళ్ళీ బస్తాలు మోయలేకపోయాడు. వీర్రాజు మిల్లు యజమానితో మాట్లాడి కాటా దగ్గర పనిలో పెట్టించాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు.

అతను డిశ్చార్జి అయిన పొద్దున నేను వార్డులోంచి థియేటర్‌కి వెళ్తున్నాను. నూకరత్నం పిలిచింది. సత్తిబాబు నడుముకి పట్టీ కట్టుకుని, కొత్త లుంగీలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అతనికి సర్జన్ గారు తెలుసు, సిస్టర్లు తెలుసు, వార్డు ఊడ్చే ఆవిడ కూడా తెలుసు. నన్ను మాత్రం తెలివితో ఉండి ఎప్పుడూ చూడలేదు.

"ఎవరే ఈవిడ?" అని భార్యని అడిగాడు.

"మత్తు డాక్టరమ్మగారయ్యా. నీకు ఊపిరాడనప్పుడు చేత్తో ఊపిరి పోశారు."

అతను గబగబా లేవబోయాడు. నేను వద్దన్నాను. చేతులు జోడించాడు గానీ, తెలియని మనిషికి ఏం చెప్పాలో తోచక నా ముఖం చూస్తూ ఉండిపోయాడు. అలవాటు కొద్దీ "ఆయాసం ఏమన్నా ఉందా సత్తిబాబూ?" అని అడిగాను.

అతను వీపు నిటారు చేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కాసేపు అలాగే పట్టి ఉంచి, నేను చూస్తున్నానో లేదో చూసుకుంటూ మెల్లగా వదిలాడు.

"చూడండమ్మగారూ," అన్నాడు, "బానే వత్తందండి."